ఫీచర్లు కాదు, మూల కుదిరిందా చూడండి

మానిటర్ స్టాండ్ సొంతంగా చేద్దామని ఆన్‌లైన్‌లో ఓ చవక కాంబినేషన్ స్క్వేర్ కొన్నా. 90, 45 డిగ్రీల గీతలు, లోతు కొలత, బుల్లి రసమట్టం... లిస్ట్ చూస్తే ఫోన్ బాక్సే గుర్తొచ్చింది. తీరా చెక్కలు కోశాక ఒక్క మూలా కలవలేదు. మంచి టేకు, పోయింది!

మా వీధి వడ్రంగి మేస్త్రి టెస్ట్ చూపించారు. చెక్క తిన్నని అంచుకి ఆనించి గీత గీయాలి, స్క్వేర్‌ని తిరగేసి అదే చోట మళ్లీ గీయాలి. గీతలు విడిపోతే, కనిపించే తేడా అసలు తప్పుకి రెట్టింపు. నాకు కొసన 2 మిల్లీమీటర్లొచ్చింది.

స్టారెట్ 1879లో పేటెంట్ పొందిన ఈ డిజైన్‌ని తప్పుపట్టను. కానీ స్కేల్ జరిగే గాడి వదులైతే అన్ని ఫీచర్లూ దండగే. మొదటిసారి కొనేవాళ్లకి నా సలహా: మామూలు మూలమట్టం, ఒక స్టీల్ స్కేల్ చాలు. ఆ రసమట్టాన్ని నేనింతవరకు ఒక్కసారీ వాడలేదు.