తెరమీది మనిషి ఎదురైతే

ఏళ్ల తరబడి టీవీలో చూసి అభిమానించిన యాత్రికుడు నిజంగా ఎదురైతే మనం చేసేది ఒక్కటే, సెల్ఫీ అడగడం. ఆ తర్వాత మాట పెగలదు. నాకైతే ఆ అదృష్టం సూరత్‌లో పట్టాలని కోరిక. అదీ చలికాలంలో. తిండి యాత్రల టీవీ షో ‘హైవే ఆన్ మై ప్లేట్’ నడిపిన రాకీ, మయూర్ కనబడితే ఫొటో సంగతి తర్వాత, ముందు పోంక్ అమ్మే కొట్టుకు లాక్కుపోతాను. లేత జొన్నకంకుల్ని నిప్పుల్లో కాల్చి, వేడి మీదే కొట్టి పచ్చటి గింజ రాలుస్తారు. మన ఊచబియ్యమే! దాంట్లోకి నిమ్మ, మిరియాల ఘాటున్న కారప్పూస. మయూర్ శాకాహారి, బతిమాలక్కర్లేదు. మాంసప్రియుడు రాకీని ఒప్పించడమే పని.

అక్కణ్ణుంచి లింబాయత్. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వలసపోయిన పద్మశాలీలు తరాలుగా కాపురముంటున్న పేట. పవర్‌లూమ్ షెడ్డులో పక్కవాడికి ఏదైనా చెప్పాలంటే చెవిలో అరవాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. వజ్రాలు, చీరలు, లోచో అనే చిరుతిండి చూపించి వెళ్లిపోయే కెమెరాలు ఇటు తిరగవెందుకో! అభిమానం ఉన్నచోటే కదా నిలదీసే చనువూ ఉండేది.

దూరదర్శన్‌లో సిద్ధార్థ్ కాక్, రేణుకా శహాణే ‘సురభి’ కార్యక్రమం నడిపిన రోజుల్లో ప్రేక్షకులు బస్తాలకొద్దీ పోస్టుకార్డులు రాసేవారు. మీరూ రాయండి, మాకు. మీ అభిమాన యాత్రికుణ్ణి మీ వీధిలో ముందుగా ఎక్కడికి తీసుకెళ్తారు? బాగున్నవి వచ్చే సంచికలో వేస్తాం.