కోట కనిపించే ఇల్లు మనకెందుకు దొరకదు?

గోల్కొండ చుట్టుపక్కల బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. వాటిని అద్దెకిచ్చేవారు గదులతో పాటు బాల్కనీలోంచి కనిపించే దృశ్యానికీ వెల కడుతున్నారు. బాలాహిసార్ శిఖరం, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కళ్ళెదుట ఉంటే ఆ ఇంటికి గిరాకీ ఎక్కువ. కానీ ఆ ఇంటి కోసం ఫోన్ చేసినవారు తమ పేరు చెప్పగానే బేరం తెగిపోవడం మన కుటుంబాలకు కొత్త కాదు. "ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. టూలెట్ బోర్డు మాత్రం మరునాడూ గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

ఇది మన అనుమానం కాదు. ముస్లింలు కోరుకున్న ప్రాంతంలో ఇల్లు కొనడానికీ, అద్దెకు తీసుకోవడానికీ ఎదుర్కొంటున్న నిరాకరణను 2006లోనే సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది.

నిరాకరణకు చూపే మొదటి సాకు మాంసాహారం. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. అందరి వంటింట్లోనూ ఉడికే కూర మన వంటింట్లో ఉడికితేనే అభ్యంతరమా? అడ్డు కూర కాదు, పేరు.

రెండో వాదన "నా ఇల్లు, నా ఇష్టం". అద్దె సక్రమంగా కట్టగలరా, ఇంటిని జాగ్రత్తగా చూసుకుంటారా అని విచారించడం యజమాని హక్కే. మతం చూసి తలుపు మూయడం మాత్రం ఆస్తి హక్కు కాదు, వివక్ష. దుకాణాలు, హోటళ్ళు, బావులు, రోడ్ల విషయంలో ఈ వివక్షను రాజ్యాంగం 15(2) అధికరణంలో నిషేధించింది. అద్దె ఇంటి ప్రస్తావన అందులో లేదు. ఒక గృహ నిర్మాణ సహకార సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతం వారికి పరిమితం చేసుకోవడాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టంలోని ఈ ఖాళీయే నేడు వివక్షకు ఆశ్రయం. బ్రిటన్, అమెరికా దేశాలు ఇళ్ళ విషయంలో జాతి వివక్షను 1968లోనే చట్టవిరుద్ధం చేశాయి. మన దేశంలో సమాన అవకాశాల కమిషన్ కోసం మాధవ మీనన్ నిపుణుల బృందం 2008లో ముసాయిదా ఇచ్చినా అది చట్టం కాలేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోనూ వివక్షను నిషేధించే నిబంధన లేదు.

తెలుగు కవులు మల్కిభరాముడని ఆదరంగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కోట ఇది. అయినా రాజుల వారసత్వం చూపి మనం ఇల్లు అడగడం లేదు. ఆ కోట రాళ్ళు మోసినవారిలో అన్ని మతాల కూలీలూ ఉన్నారు. మనం అడుగుతున్నది పౌరులుగా, అద్దె చెల్లించి.

అందుకే ఈ సమస్యను గొణుగుడుగా కాక డిమాండుగా మార్చాలి. మతం, కులం కారణంగా ఇల్లు నిరాకరించడాన్ని శిక్షార్హం చేస్తూ రాష్ట్ర అద్దె చట్టాన్ని సవరించాలి. ఇంటి యజమానులకే కాక, బ్రోకర్లకూ అపార్ట్‌మెంట్ సంఘాలకూ అది వర్తించాలి. నిరాకరణకు గురైన ప్రతి కుటుంబం తేదీ, సంభాషణ, సందేశాలు భద్రపరచి మైనారిటీ కమిషన్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నమోదు కాని అన్యాయం ప్రభుత్వ లెక్కల్లో జరగనట్టే.

"మనవాళ్ళ మధ్యే ఉందాం" అనుకోవడం తప్పు కాదు. కానీ మరో తలుపు తెరుచుకోక అక్కడికే చేరితే అది ఎంపిక కాదు, వెలి. అదే సమయంలో మనలోని ఇంటి యజమానులు దళితులకు, ఒంటరి మహిళలకు తలుపు మూస్తే ఈ పోరాటంలో మన మాటకు బలముండదు.

తెలంగాణ ఏర్పడ్డాక వచ్చిన తొలి స్వాతంత్ర్య దినోత్సవాన, 2014లో, ప్రభుత్వం జాతీయ పతాకాన్ని ఎగురవేసింది ఈ కోటలోనే. ఆ పతాకం కనిపించే ఇంట్లో పేరు దాచుకోకుండా అద్దెకుండే హక్కు ప్రతి పౌరుడిదీ. ఆ హక్కుకు చట్టం ఎప్పుడు తెస్తారో ఓటడగడానికి వచ్చే ప్రతి నాయకుణ్ణీ నిలదీద్దాం.