జతను కొనేముందు టేపు పట్టండి

బాపట్లలో సూర్యలంక రోడ్డు పక్కన నాది చిన్న టైలరింగు షాపు. ఈ మధ్య జాకెట్లతో పాటు గినీ పిగ్స్ కింద పరిచే బొంతలు కూడా కుట్టమంటున్నారు. మా ఇంట్లో ఒక జత ఉన్న సంగతి పిల్లల నోట ఊరంతా పాకింది మరి. కొలత చెప్పమంటే చాలామంది నోట వచ్చేది ఒకటే: రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. జతతో పాటు దుకాణంవాడు అంటగట్టిన తీగల బోను అది.

అలాంటి బోను అమ్మడమే తప్పంటాను. ఇవి ఎగబాకే జంతువులు కావు, చక్రమెక్కి తిరిగేవీ కావు. ఎత్తు ఎంతున్నా వీటికి దండగే, కావాల్సింది నేల. జతకు కనీసం ఏడున్నర చదరపు అడుగులన్నా ఉండాలని జంతు సంక్షేమం వాళ్ళు చెప్తారు. అంటే ఒంటిమంచం పట్టే చోటులో సగం కూడా కాదు. మా ముందుగదిలో ఐదడుగులకు రెండున్నర వదిలాను. చుట్టూ అడుగున్నర ఎత్తు ప్లైవుడ్ చెక్కలు, పైన పిల్లి దూరకుండా వల. ఫ్యాన్ వైరు వాటి నోటికందనంత దూరంలో ఉంటుంది. అడుగున తీగలు మాత్రం వద్దు, పాదాలు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి.

నేలమీద ప్లాస్టిక్ పట్టా, దానిమీద బొంత. లోపల పాత టర్కీ తువ్వాళ్ళు, పైన ఫ్లీసు గుడ్డ. అంచులు మడిచి కుట్టాలి, దారం వేలాడితే కాలికి చుట్టుకుంటుంది. ఒకటి పరిస్తే ఒకటి ఉతుకులో, ఒకటి తీగమీద. సముద్రపు తేమకు వానాకాలంలో ఆ మూడూ చాలవు. టింబరు డిపోలో రంపపు పొట్టు చవగ్గానే దొరుకుతుంది కానీ ఆ దుమ్ము వాటి ఊపిరితిత్తులకు పడదు. దాక్కోవడానికి అట్టపెట్టెలు రెండు పెట్టి, ఒక్కోదానికి రెండు దారులు కోశాను. ఒకే దారి ఉంటే పెత్తనం చేసేది రెండోదాన్ని లోపలే నిలేస్తుంది. నీళ్ళ సీసాలూ రెండే.

"ఎలకలకింత వైభోగమా?" అంటుంది మా అత్తయ్య. జామముక్కలు కోసి పెట్టేదీ ఆవిడే. మనలాగే వీటి ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, రోజూ తిండిలోనే అందాలి. పళ్ళు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి రోజంతా గడ్డి నమలాలి. మన వరిగడ్డిలో సత్తువ తక్కువ. మందు కొట్టని గట్టుమీద గరిక కోసుకొచ్చి, కడిగి వేస్తాను.

అసలు గండం రోహిణి కార్తెలో. ఆండీస్ కొండల చలిలో పుట్టిన జాతి ఇది. పద్దెనిమిది నుంచి ఇరవైనాలుగు డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, ముప్పై దాటితే ప్రాణం మీదికొస్తుంది. చెమట పట్టదు కదా. సూర్యలంక గాలి ఉందిగా అని వరండాలో పెట్టేవాళ్ళున్నారు. పడమటి వడగాలి తిరిగిందంటే ఆ సముద్రపు గాలి జాడే ఉండదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది వీటిది కావాలి. మా బోనులో ఒక మూల నాపరాయి పలక పరిచాను, మధ్యాహ్నమయితే రెండూ దానిమీదే పడుంటాయి. ఐసు సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెడతాను.

ఇక జత సంగతి. ఇవి ఒంటరిగా కుంగిపోతాయని స్విట్జర్లాండులో 2008 నాటి చట్టం ఒక్కదాన్నే పెంచడం కుదరదంది. మన దగ్గర జతంటే ఆడా మగా అనుకుని ఇస్తారు. రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు. ఈనిన కొన్ని గంటల్లోనే తల్లి మళ్ళీ చూలు కట్టగలదు. ఎంత పెద్ద బోనైనా ఏడాదికి ఇరుకే. అందుకే మావి రెండూ ఆడవే.

పెంపుడు జంతువుల దుకాణాలకు కేంద్రం 2018లోనే నిబంధనలు తెచ్చింది, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు ఉండాలంది. అమ్మే ప్రతి జతకూ ఎంత చోటు కావాలో దుకాణం గోడమీద రాయించే పని కూడా అధికారులు చేయాలి. బిల్లుమీద ఆడో మగో రాసి, కింద దుకాణందారు సంతకం పెట్టాలి.