సీసా మీద ఇంగ్లీషు, తప్పు మాత్రం మా అమ్మదా?



పోస్టు కొంచెం పెద్దదే. అయినా ఇంట్లో చిన్నపిల్లలున్న ప్రతి ఒక్కరూ చివరిదాకా చదవాలని కోరుతున్నాం.

గూడెంలో ఏ పిల్లాడికైనా మందు వికటిస్తే మర్నాడు అందరి నోటా ఒకే మాట: "గిరిజనులకు అవగాహన లేదు." ఆఫీసర్లు అంటారు, పేపర్లు రాస్తాయి. విని విని చివరికి మనం కూడా మన అమ్మల్నే తిట్టడం మొదలుపెట్టాం. "నీకేం తెలుసు, చదువు రాదు" అని. ఈ మాట ఎంత అబద్ధమో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

పోయిన దసరా సెలవుల్లో మాలో ఒకరి ఇంట్లో జరిగింది వినండి. వదిన బిడ్డకి జ్వరం. బరువు 8 కిలోలు. సంత రోజు మందుల షాపులో చిన్న సీసా ఇచ్చారు. అట్టపెట్టె లేదు, దాంతోపాటు రావాల్సిన డ్రాపరూ లేదు. "రోజుకి మూడుసార్లు పొయ్యి" అన్నారంతే. ఎంత పొయ్యాలో చెప్పలేదు. వదిన ఇంట్లో ఉన్న చెంచా తీసింది. చెంచా బిడ్డ నోటిదాకా వెళ్లాక మావాడు సీసా లాక్కుని చదివాడు. అది సిరప్ కాదు, పారాసెటమాల్ డ్రాప్స్.

తేడా ఏంటో లెక్క చూద్దాం. పారాసెటమాల్ ఒక్కసారికి కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు ఇవ్వాలి. అంటే 8 కిలోల బిడ్డకి 80 నుంచి 120. ఆ డ్రాప్స్‌లో 1 మిల్లీలీటర్‌కే 100 మిల్లీగ్రాములుంది. అంటే 1 మిల్లీలీటర్ సరిపోతుంది. 5 మిల్లీలీటర్ల చెంచా నిండా పోస్తే 500 మిల్లీగ్రాములు! పెద్దోళ్లు వేసుకునే ఒక పూర్తి మాత్ర. అలా రోజుకి మూడుసార్లు, రెండు మూడు రోజులు పోస్తే ఆ బిడ్డ లివర్ ఏమవ్వాలి?

ఇదే మందు సిరప్‌గా రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 250. మందు పేరు అదే, రంగు కూడా ఇంచుమించు అదే. తేడా అంతా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇక ఇంట్లో చెంచాలంటారా, ఒకదాంట్లో పట్టినంత ఇంకోదాంట్లో పట్టదు. డిగ్రీ చదివిన మనమే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాని సీసాని కొలత కప్పు లేకుండా, ఒక్క మాట చెప్పకుండా చేతిలో పెట్టి, తర్వాత "అవగాహన లేదు" అంటే ఎలా?

సరే, అవగాహన ఉంటే అంతా బాగుంటుందా? మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లా సంగతి చూడండి. గోండులు పెద్ద సంఖ్యలో ఉండే జిల్లా అది. 2025లో అక్కడ దగ్గు సిరప్ తాగి 20 మందికి పైగా పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌ని తమిళనాడు ల్యాబులో పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48.6 శాతం ఉందని తేలింది. ఉండదగిన హద్దు 0.1 శాతం. చనిపోయిన వాళ్లంతా ఆదివాసీ పిల్లలని మేం అనడం లేదు. మేం అనేది ఒక్కటే. ఆ తల్లిదండ్రులు చేసిన తప్పేంటి? డాక్టరు రాసిన మందే షాపులో కొన్నారు. చెప్పినట్టే పట్టారు.

ఆ విషం సీసాలోకి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. కొన్ని మందులు నీళ్లలో సరిగ్గా కరగవు. వాటిని కరిగించడానికి ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటివి వాడతారు. డైఇథిలీన్ గ్లైకాల్ ఫ్యాక్టరీల్లో వాడే సరుకు. చౌక, చూడ్డానికి అలాగే ఉంటుంది, పైగా తియ్యగా ఉంటుంది. మందులకి పనికొచ్చే సరుకు బదులు ఇది కలిసినా, ప్రతి డ్రమ్మునీ పరీక్షించకుండా వాడినా ఫలితం ఇదే. నాలుకకి తెలియదు, కంటికి కనపడదు. ల్యాబు ఒక్కటే పట్టుకోగలదు. మరి ల్యాబు పని చెయ్యాల్సింది మా అమ్మా?

ఇది కొత్త విషం కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే కలిసిన మందు తాగి 100 మందికి పైగా చనిపోతే మరుసటి ఏడాదే అక్కడ చట్టం మారింది. మన దేశంలో తయారైన సిరప్‌లు తాగి 2022లో గాంబియాలో 70 మంది దాకా పిల్లలు పోయారని ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. ఆ తర్వాత మూడేళ్లకే ఛింద్వాడా. పాఠం నేర్వనిది ఎవరు? మనమా?

ఇంకో సంగతి మనలో చాలామందికి తెలియదు. 1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ కె అని ఒకటుంది. వెయ్యి మంది మించని ఊళ్లో, లైసెన్సున్న మందుల షాపు లేనప్పుడు, కొన్ని ఇంటి మందుల్ని లైసెన్సు లేకుండానే అమ్ముకోవచ్చని అందులో రాశారు. ఆ జాబితాలో దగ్గు సిరప్‌లు, పసిపిల్లల గ్రైప్ వాటర్ కూడా ఉన్నాయి. వెయ్యి లోపు జనం ఉండే ఊళ్లు ఎవరివి? మన గూడేలు, తండాలే కదా! పట్నంలో ఫార్మసిస్టు ఉండాలి, లైసెన్సు ఉండాలి. మన దగ్గర కిరాణా కొట్టులో సబ్బుబిళ్ల పక్కన సిరప్ ఉన్నా ఫర్వాలేదు. ఛింద్వాడా తర్వాత ఈ జాబితాలోంచి సిరప్‌లని తీసెయ్యాలనే ప్రతిపాదన కదిలింది. మంచిదే. కానీ తీసేసి చేతులు దులుపుకుంటే అర్ధరాత్రి జ్వరమొచ్చిన బిడ్డకి ఏం పట్టాలి? కొట్టు తీసేసే చోట ఆశా అక్క దగ్గర మందు ఉండాలి. అది చెయ్యకుండా ఇది చేస్తే మనకి మిగిలేది సంతలో దొరికే దొంగ సరుకే.

"చదువు రాని వాళ్లకి ఎలా చెప్పగలం?" అనే వాళ్లకి కూడా జవాబుంది. అంగన్‌వాడీలో విటమిన్ ఎ ద్రావణంతో కొలత చెంచా వస్తుంది, సగం గీత దాకా 1 మిల్లీలీటర్, నిండా అయితే 2. పిల్లల ఐరన్ సిరప్ సీసాకి ఒక్కసారికి 1 మిల్లీలీటర్ మాత్రమే వచ్చే మూత ఉండాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలోనే రాసుంది. అంటే చదువుతో పని లేకుండా సరైన కొలత ఇవ్వడం ప్రభుత్వానికి బాగానే తెలుసు. తెలిసీ మిగతా మందులకి చెయ్యడం లేదు. దీన్ని అజ్ఞానం అంటారా, నిర్లక్ష్యం అంటారా?

అందుకే ఐటీడీఏల ముందు మనం పెట్టాల్సిన డిమాండ్లు ఇవి:

1. సబ్ సెంటర్, పీహెచ్‌సీ, ఆశ్రమ పాఠశాలల్లో ఇచ్చే ప్రతి సిరప్‌తో గీతలున్న కొలత కప్పు గానీ సిరంజి గానీ ఇవ్వాలి. ఒకే పెద్ద సీసా, ఒకే మూతతో హాస్టల్ పిల్లలందరికీ పోసే పద్ధతి ఆపాలి.
2. ఎంత, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అనేది బొమ్మలతో తెలుగులో రాసి ఇవ్వాలి. కోయ, గోండి, సవర, కువి భాషల్లో నోటితో చెప్పగలిగే ఆశాలు, ఏఎన్ఎంలు ఉండాలి.
3. సంతల్లో, ఏజెన్సీ షాపుల్లో అమ్మే సిరప్‌ల శాంపిళ్లు తీసి పరీక్షించాలి. ఫలితాలు ఊరి నోటీసు బోర్డు మీద పెట్టాలి.

డిమాండ్లు నెరవేరే దాకా మన పిల్లల్ని మనమే చూసుకోవాలి. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఈ పనులు చేద్దాం.

ఇంట్లో ఉన్న సీసాలన్నీ బయటికి తీసి చదవండి. గడువు దాటినవి, పేరు చెరిగిపోయినవి పారబోయండి. డ్రాప్స్ వేరు, సిరప్ వేరు అని అమ్మకి చూపించండి. సీసా మీద 'బాగా కలిపి వాడాలి' అని ఉంటే కలపాల్సిందే. లేకపోతే మందంతా అడుగున ఉండిపోయి మొదట పల్చగా, చివర్లో చిక్కగా పడుతుంది. పొడి సీసాలో వచ్చే యాంటీబయాటిక్‌లో వాగు నీళ్లు పొయ్యొద్దు. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పొయ్యాలి. కలిపాక ఎన్ని రోజులు వాడొచ్చో సీసా మీదే ఉంటుంది, చాలావాటికి అది 7 రోజులే. మిగిలింది కదా అని వచ్చే నెలకి దాచొద్దు.

దగ్గు, జలుబు సిరప్‌లు రెండేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దని, అయిదేళ్ల లోపు మామూలుగా అవసరం లేదని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖే చెప్పింది. ఏడాది దాటిన బిడ్డకి దగ్గొస్తే కాస్త తేనె నాకిస్తే ఉపశమనం ఉంటుంది. ఏడాది లోపు బిడ్డకి మాత్రం తేనె అసలు వద్దు. మన అడవి తేనె మన దగ్గరే కొనుక్కెళ్లి, మనకి రంగు నీళ్ల సీసా అమ్ముతున్నారు. ఆలోచించండి. బిడ్డ ఎగపోస్తున్నా, డొక్కలు ఎగిరిపడుతున్నా, పాలు తాగకపోయినా ఇంట్లో ఉంచొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

సిరప్ పట్టాక వాంతులై, ఉచ్చ తగ్గిపోయినా, ఆగిపోయినా ఒక్క పూట కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి. సీసా పారెయ్యకుండా వెంట తీసుకెళ్లండి. బ్యాచ్ నంబరే సాక్ష్యం. కొన్నప్పుడే బిల్లు అడగండి, సీసా ఫోటో తీసి పెట్టుకోండి. మందు వికటిస్తే 1800-180-3024 టోల్ ఫ్రీ నంబరుకి ఎవరైనా ఫిర్యాదు చెయ్యొచ్చు.

ఆరోజు వదిన ఏడ్చింది. "నా చేతుల్తో నేనే పోసేదాన్ని" అంది. కాదు వదినా, నీ చేతిది తప్పు కాదు. కొలత లేని సీసా నీ చేతిలో పెట్టినోళ్లది తప్పు. ఆ మాట మన ఊళ్లో ప్రతి తల్లికీ మనమే చెప్పాలి. చెప్పాల్సిన చోట గట్టిగా అడగాల్సింది కూడా మనమే.

జై ఆదివాసీ.