కాటా లేని సంతలో కండకు ధర ఎక్కడ?

సంతలో పొట్టేలును బేరమాడే వ్యాపారి ముందు దాని మొహం చూడడు. ఎడమచేత్తో కొమ్ము పట్టుకుని, కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నడుం దగ్గర వెన్నుకు అటూ ఇటూ పెట్టి నొక్కుతాడు. పూసల మొనలు వేలికి గుచ్చుకుంటే జీవం బక్కది. పూస తగిలీ తగలకుండా, పక్కన కండ గట్టిగా చేతికి నిండితే మేలైనది. ఎంత నొక్కినా పూస జాడే దొరకక మెత్తగా దిగబడితే కొవ్వు ఎక్కిందని లెక్క. ఆ తర్వాత తోక మొదలు తడుముతాడు, దవడ విప్పి పళ్లు చూస్తాడు. మొత్తం అర నిమిషం. నాలుగు నెలలు మేపిన రైతు కష్టానికి ఆ అర నిమిషంలోనే ధర ఖాయమవుతుంది.

ఆ చేతి నేర్పును తక్కువ చేయనక్కర్లేదు. పశువైద్య కళాశాలల్లో విద్యార్థులు జీవం ఒంటి తీరుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయడం నేర్చుకునేది కూడా ఇలా నడుం నొక్కి చూసే. కానీ చెయ్యి చెప్పేది కండ ఎంత, కొవ్వు ఎంత అన్నదే. బరువెంతో అది చెప్పలేదు. ఉదయం ఉప్పు కలిపిన తవుడు తినిపించి కడుపునిండా నీళ్లు తాపిన పొట్టేలుకూ, తెల్లవారుజామునే బయల్దేరి ఎండలో నడిచొచ్చిన పొట్టేలుకూ తేడా కొన్ని కిలోలుంటుంది. కంటితో కొనే సంతలో మొదటివాడు గెలుస్తాడు. మేత మీద శ్రద్ధ పెట్టి నిజంగా కండ పెంచినవాడికి ఆ శ్రద్ధకు తగ్గ ధర వస్తుందన్న భరోసా లేదు. పశ్చిమ కర్నూలులో జీవాల పెంపకం ముందుకు కదలకపోవడానికి ఒక పెద్ద కారణం ఇదే.

జొన్నగిరి పేరు చెబితే జనానికి వజ్రాలు గుర్తొస్తాయి. తొలకరి పడితే ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి తుగ్గలి మండలం ఎర్రచేలల్లో వంగి వెతుకుతుంటారు. అవే చేలల్లో ఏడాది పొడవునా కనిపించేది మాత్రం గొర్రెల మంద, దాని వెనక భుజాన కంబళి వేసుకున్న కాపరి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు. దేశంలో తెలంగాణ తర్వాత మనదే రెండో స్థానం. వానను నమ్మలేని ఈ సీమలో పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టింది జీవాలే.

మేత లేదంటారు. నిజానికి ఈ ప్రాంతంలో మేత రకాలకు కొదవ లేదు. తుగ్గలి, పత్తికొండ ఎర్రనేలల్లో వేరుశనగ కట్టె ఉంది. ఆదోని నల్లరేగడిలో పత్తి, శనగ, జొన్న ఉన్నాయి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి ఆదోనిదే కాబట్టి పత్తిగింజల చెక్కకు దూరం వెళ్లనక్కర్లేదు. తుంగభద్ర దిగువ కాలువ పారే ఎమ్మిగనూరు వైపు వరిగడ్డి దొరుకుతుంది. లేనిదల్లా వీటిలో దేన్ని ఎప్పుడు, ఎంత, దేనితో కలిపి పెట్టాలన్న లెక్క.

ఆ లెక్క పొట్టలోనే మొదలవుతుంది. ఆవైనా, గేదైనా, గొర్రైనా నెమరేసే జీవం గడ్డిని నేరుగా అరిగించుకోలేదు. దాని పెద్ద పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ ఆమ్లాలే జీవానికి శక్తి. తర్వాత ఆ సూక్ష్మజీవులు కూడా జీర్ణమై జీవానికి మాంసకృత్తులవుతాయి. అంటే రైతు మేపేది ముందు వాటిని. అవి చురుగ్గా పనిచేయాలంటే మేతలో కనీసం ఏడు శాతం మాంసకృత్తులుండాలి. వరిగడ్డిలో ఉండేది మూడు నాలుగు శాతమే. జొన్న చొప్ప కాస్త నయమే గానీ అదీ చాలదు. అందుకే వట్టి గడ్డి పొట్టనిండా తిన్న జీవం కూడా చిక్కిపోతుంది. అదే గడ్డికి గుప్పెడు చెక్క తోడైతే సూక్ష్మజీవులు గడ్డిని కూడా బాగా అరిగిస్తాయి. చెక్క తన బలాన్ని ఇవ్వడంతో ఆగక, గడ్డిలో ఉన్న బలాన్ని కూడా బయటికి తీస్తుంది.

ఒంట్లో పెరుగుదలకూ ఒక వరస ఉంది. ముందు ఎముక, తర్వాత కండ, ఆఖరున కొవ్వు. పిల్ల వయసులో మాంసకృత్తులు సరిపడా అందితే కండ పడుతుంది. కండ పెరిగే వయసు దాటాక పెట్టిన గింజ చాలా వరకు కొవ్వుగా మారుతుంది. కిలో కండలో ముప్పాతిక వంతు నీరే, కొవ్వులో నీరు బాగా తక్కువ. పైగా గ్రాము మాంసకృత్తుల్లో నాలుగు క్యాలరీలుంటే గ్రాము కొవ్వులో తొమ్మిది. అందుకే కిలో కొవ్వు కట్టించడానికి అయ్యే మేత కిలో కండకు అయ్యేదానికి ఎన్నో రెట్లు. సంతకు నెల ముందు ముదురు పొట్టేలును కొట్టంలో కట్టేసి బస్తాల కొద్దీ మొక్కజొన్న పోసే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. జీవం నునుపు తేలుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆ నునుపు రైతు కొన్న అత్యంత ఖరీదైన సరుకు.

పిల్ల వయసులో అదే గింజ ఎంత పనిచేస్తుందో చూడండి. పాలు మరిచిన మూడు నెలల పొట్టేలు పిల్ల వట్టి మేపు మీద రోజుకు యాభై అరవై గ్రాములు పెరుగుతుంది. మేపుతో పాటు రోజుకు పావు కిలో దాణా పడితే నూట ఇరవై గ్రాముల దాకా పెరగగలదు. వంద రోజుల్లో మొదటిది ఐదారు కిలోలు పెరిగితే రెండోది పన్నెండు కిలోలు పెరుగుతుంది. పాతిక కిలోల దాణాకు ఆరేడు కిలోల అదనపు బరువు. అందులో సగానికి కాస్త తక్కువ మాంసం, అంటే మూడు కిలోల పైమాటే. తమ ఊళ్లో మటన్ ధర ఎంతో, దాణా ధర ఎంతో వేసుకుని ఎవరికి వారే లాభం లెక్క తేల్చుకోవచ్చు. ఆ దాణాకు పెద్ద సామగ్రీ అక్కర్లేదు. వంద కిలోలకు మొక్కజొన్న నూక నలభై, వేరుశనగ చెక్క పాతిక, తవుడు ముప్పైరెండు, ఖనిజ లవణ మిశ్రమం రెండు, ఉప్పు ఒక కిలో. గొర్రె ఈనక ముందు నుంచీ ఈ శ్రద్ధ ఉంటే ఇంకా మేలు. కడుపులో పిల్ల ఎదిగేది ఎక్కువగా ఆఖరి నెలన్నరలోనే. ఆ నెలన్నరలో ఆకలితో తిరిగిన గొర్రె ఈనిన పిల్ల బలహీనంగా పుడుతుంది, తల్లి పాలూ చాలవు. ఆ లోటు తర్వాత ఎంత దాణా పోసినా పూర్తిగా పూడదు.

మేత వల్ల మాంసం తీరు ఎలా మారుతుందో చెప్పడానికి తెలుగువాళ్ల ఒంగోలు జాతి కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇక్కడ అది దుక్కికి, బండికి, బండలాగుడు పోటీలకు పేరుపడ్డది. బ్రెజిల్‌కు వెళ్లి ‘నెలోరె’ అయింది, మన నెల్లూరు పేరే అది. 1960ల మొదట్లో ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లిన కోడె ఒకటి ఆ ఊరి పేరుతోనే అక్కడ వంశకర్తగా చరిత్రకెక్కింది. ఈనాడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అధిక భాగం ఒంగోలు రక్తమే. అవి పచ్చిక బయళ్లలో పెరుగుతాయి, మాంసంలో కొవ్వు తక్కువ. దీనికి పూర్తి భిన్నం జపాన్ వాగ్యు. దాదాపు రెండున్నరేళ్లు వచ్చేదాకా మేపి, చివరి నెలలన్నీ గింజ మీదే ఉంచితే కండ నార మధ్యలో తెల్లటి కొవ్వు పాలరాతి గీతల్లా పడుతుంది. అది ఆ జాతి గుణం, ఆ మేత గుణం కలిసి తెచ్చేది. గింజ ఎక్కువైతే పొట్టలో ప్రొపియోనేట్ అనే ఆమ్లం పెరిగి గ్లూకోజుగా మారుతుంది, కండలోని కొవ్వు కణాలకు అది మంచి ముడిసరుకు. గడ్డి మీద పెరిగిన పశువులో ఎసిటేట్ ఎక్కువ. కొవ్వు పట్టినా అది చాలావరకు చర్మం కింద చేరుతుంది.

మన రాష్ట్రంలో 1977 చట్టం గోవధను నిషేధించింది కాబట్టి ఆవుజాతిని మాంసానికి మేపడమనే మాట ఇక్కడ లేదు. గొర్రె, మేక, దున్న మీదే ఈ లెక్క పనిచేస్తుంది. దున్న దూడ సంగతి తలచుకుంటే బాధ కలుగుతుంది. పాలన్నీ అమ్మకానికి పోతే ఆడదూడకు మిగిలేది కాస్త, మగదూడకు మిగిలేది ఏమీ లేదు. ఎండిన మూతితో తల్లి పొదుగు కేసి చూస్తూ నిలబడ్డ మగదూడ ప్రతి పాడి ఊళ్లోనూ కనిపిస్తుంది. మన దేశం నుంచి ఎగుమతయ్యే మాంసంలో గేదె మాంసానిదే మొదటి స్థానం. అలాంటి దేశంలో మగదూడను మొదటి నెలల్లోనే ఆకలితో చంపుకోవడం పాపమూ, నష్టమూ రెండూ.

మేపడంలో అతి కూడా ప్రమాదమే. పెళ్లిలో మిగిలిన అన్నం బుట్టల కొద్దీ మందకు పోస్తే తెల్లారేసరికి రెండు మూడు జీవాలు పొట్ట ఉబ్బి పడిపోవడం పశువైద్యులు తరచూ చూసేదే. పిండి పదార్థం ఒక్కసారిగా పడితే పొట్టలో ఆమ్లం పొంగి, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. అందుకే గింజను రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. వానల తర్వాత లేత పచ్చిక మీద, లేదా గింజ మీద ఎగబడిన మందలో బాగా బలిసిన పిల్లే ముందు రాలిపోతుంది. అది చిటుకు రోగం, టీకా ముందే వేయించాలి. జొన్న చేను నాము సంగతి ఈ సీమలో పెద్దలకు చెప్పక్కర్లేదు. బెట్టకు వాడిన లేత జొన్న విషం. చెమ్మ తగిలి బూజు పట్టిన వేరుశనగ చెక్క కూడా విషమే, అందులో అఫ్లాటాక్సిన్ ఉంటుంది. పత్తిచెక్క పెద్ద జీవాలకు పర్వాలేదు గానీ చిన్న పిల్లలకు పెట్టకూడదు. తవుడు, గింజ ఎక్కువైన పొట్టేళ్లకు మూత్రంలో రాళ్లు పడతాయి. దాణాలో కాల్షియం పాళ్లు సరిగా ఉంచి, నీళ్లు పుష్కలంగా అందిస్తే ఆ బాధ తప్పుతుంది.

వేరుశనగ కట్టె గురించి ఒక్కమాట ఎక్కువ చెప్పాలి. ఈ ప్రాంతపు మేతల్లో దానంతటిది లేదు. ఆకు పచ్చగా ఉండగానే పీకి, నీడన ఎండబెట్టిన కట్టె జీవానికి సగం దాణాతో సమానం. బలమంతా ఆకులోనే ఉంది. తిక్క తెగులు తగిలి ఆకు రాలిపోయాక మిగిలేది పుల్లే. ఇక్రిశాట్ అనంతపురం రైతులకు అందించిన ఐసీజీవీ 91114 రకం కట్టెను పాడిపశువులకు మేపితే పాలు పెరిగాయని పరీక్షల్లో తేలింది. కాయ దిగుబడి చూసి విత్తనం ఎంచుకునే రైతుకు కట్టె నాణ్యత కూడా చెప్పే మనిషి కావాలి. ఆ పనికి ఎమ్మిగనూరు మండలంలోనే బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. గింజ ఎంత వచ్చిందో ఒక గడిలో, కట్టెలో మాంసకృత్తులెంతో పక్క గడిలో రాసిన పట్టిక ఒకటి ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఉంటే, అదే పెద్ద మేలు.

సుగ్గి రోజులొస్తే కోసిగి, ఆదోని, మంత్రాలయం ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. మిరప కోతలకు గుంటూరు బండెక్కేవాళ్లు మందను తీసుకెళ్లలేరు, వదిలిపెట్టీ వెళ్లలేరు. అప్పుడు పదిహేను కిలోల పిల్లను పదిహేను కిలోల ధరకే అమ్మేస్తారు. అది పాతిక కిలోలు అయ్యేదాకా ఆగే మనిషి వేరే. ఆ పది కిలోల లాభం అతనిది. ఊళ్లో నలుగురు కలిసి కొట్టం ఒకటి పెట్టుకుని, వలస వెళ్లేవాళ్ల జీవాలను మేతఖర్చు లెక్కన చూసుకునే ఏర్పాటుంటే ఆ లాభంలో సగమైనా వలస ఇంటికి చేరుతుంది. అలాంటి కొట్టాలకు మేత నిల్వ, టీకా, వైద్యుడి రాక సర్కారు భరిస్తే అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.

వీటన్నిటికంటే ముందు పెట్టాల్సింది కాటా. ఆదోని యార్డులో పత్తి బస్తా కాటా ఎక్కకుండా అమ్ముడుపోదు. జీవాన్ని మాత్రం చేత్తో నొక్కి, కంటితో చూసి, ఒక్కోసారి తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర తేల్చేస్తారు. నాలుగు పలకల కంచె, కింద ఒక ఎలక్ట్రానిక్ కాటా ఉంటే చాలు, మేక నిలబడినంతసేపట్లో బరువు తెలుస్తుంది. ముందు రోజు నీళ్లు తాపి పొట్ట నింపే పని జరగకుండా రాత్రంతా మేత ఆపి, తెల్లవారి తూచాలన్న నియమం పెడితే సరిపోతుంది. వ్యాపారి తన చెయ్యితో కండ, కొవ్వు చూసుకుని కిలోకు ధర చెప్పనీ. కిలోలెన్నో మాత్రం కాటా చెప్పాలి. అప్పుడు చెక్క కొన్న రైతు తన చెక్క ఎంత కండ అయిందో ప్రతి సంతలో చూసుకుంటాడు, తర్వాతి ఏడు ఏం పెట్టాలో తనే తేల్చుకుంటాడు.

వచ్చే బక్రీద్‌కు ముందే ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ సంతల్లో ఒక్కో కాటా పెట్టించాలని అక్కడి మార్కెట్ కమిటీలకూ, పశుసంవర్ధక శాఖకూ రైతులు గట్టిగా అడగాలి.