ఇంటిపేరు కాదు, కొలత కావాలి

మా అమ్మ రిటైరైన టీచరు. డెబ్బై ఆరేళ్లొచ్చినా పెన్షను లెక్క తనే చూసుకునేది. ఫోన్లో అక్షరాలు చీమల బారులా ఉన్నాయంటే మా తమ్ముడు పెద్ద తెర ఉన్న టాబ్లెట్ కొని, సిమ్ము కూడా వేసిచ్చాడు. అమ్మ ముచ్చటపడి బ్యాంకు యాప్ తెరిచింది. "ఇది టాబ్లెట్. ఫోనులోనే వాడండి" అంటూ అది కాస్తా తలుపేసేసింది!

ఇప్పుడు అమ్మ తన రహస్య సంఖ్య మనవడికి చెప్పి, "డబ్బు పడిందేమో చూడరా నాయనా" అని బతిమాలుకుంటోంది.

తమ్ముడి ఉద్యోగం ఇలాంటి యాప్‌లు రాయడమే. నిలదీశాను.

"పరికరం ఏ రకమో ప్రోగ్రాం ముందే అడుగుతుందక్కా. ఐఫోనా, ఐప్యాడా అంటే జవాబు ఇట్టే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే తెర సన్నవైపు కొలత 600 డీపీలుంటే సాధారణంగా టాబ్లెట్ కిందే లెక్క."

చోద్యం కాకపోతే ఏమిటండీ! జాకెట్టు కుట్టమని వెళ్తే టైలరు టేపు తియ్యకుండా "మీరు ఏ ఇంటి కోడలమ్మా?" అని అడిగినట్టు లేదూ?

పోనీ, ఆ పేరైనా నిజం చెబుతుందా? 2015 నుంచీ కొన్ని ఐప్యాడ్‌లలో తెరని రెండు వాటాలు చేసి రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకోవచ్చు. పేరు పెద్ద తెరే, యాప్‌కి దక్కేది ఇరుకు గది. 2019లో మడత ఫోన్లు బజారుకొచ్చాయి. మూస్తే ఫోను, తెరిస్తే చిన్న టాబ్లెట్. దాని ఇంటిపేరు ఏమని రాసుకుంటారు?

అడగవలసింది "నువ్వెవరు?" అని కాదు, "నాకెంత చోటిస్తావు?" అని. చోటుని బట్టి సర్దుకోవడం ప్రోగ్రాంకి నేర్పొచ్చునని తమ్ముడే ఒప్పుకున్నాడు.

"భద్రత కోసం అలా పెట్టి ఉంటారక్కా" అని నసిగాడు.

భద్రతకి సిమ్ము కావాలా? సిమ్ముందా అని అడగండి. వేలిముద్ర కావాలా? అది తీసుకునే వీలుందా అని అడగండి. అంతేగానీ పేరు చూసి గెంటేస్తే ఎలా? అమ్మ రహస్య సంఖ్య మనవడికి తెలియడం వల్ల భద్రత పెరిగిందా, తరిగిందా? తమ్ముడు నోరెత్తలేదు.

అయినా మనకిదేం కొత్త? ఫారంలో వృత్తి దగ్గర 'గృహిణి' అని రాశామో లేదో, కౌంటరు అవతలి మనిషి "మీవారిని పంపండమ్మా" అంటాడు. మనకేం తెలుసో, ఏం చేతనవునో అడగడు. ఆ పాత బుద్ధినే యంత్రానికీ ఎక్కించారన్నమాట!

మీ ఇళ్లలోనూ ఈ ఉద్యోగం చేసే కొడుకో, కూతురో, కోడలో ఉండే ఉంటారు. ఈ పూట భోజనాల దగ్గర కాస్త అడగండి: "నీ యాప్ కొలత తీసుకుంటోందా, ఇంటిపేరు అడుగుతోందా?" అని. జవాబు సరిగ్గా చెప్పాకే పెరుగు వడ్డించండి.