దేశద్రోహి ముద్ర మన బిడ్డలకేనా?

దేశానికి ఆపదొచ్చిందంటే చాలు, యూనివర్సిటీలు నోరు మూసుకోవాలంట! 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగింది. పదిరోజులు తిరక్కముందే మన గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ టర్కీ సంస్థతో ఉన్న ఒప్పందాన్ని రద్దు చేసుకుంది. టర్కీ భాష నేర్పితే సరిహద్దు కూలిపోతదా? అదే నెలలో హర్యానాలోని అశోకా యూనివర్సిటీ ప్రొఫెసర్ అలీఖాన్ మహమూదాబాద్‌ను ఫేస్‌బుక్ రాతలకే అరెస్టు చేశారు.

హఫీజ్‌పేటలో ఉండే మాకు ఇది కొత్త కాదు. హైటెక్ సిటీ అద్దాల మేడలకు సిమెంటు మోసినోళ్ల బస్తీలు ఇక్కడే. కాస్త దూరంలోనే 1974లో పార్లమెంటు చట్టంతో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసిన మన పిల్లలు అక్కడికి చేరి, అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌గా నిలబడ్డారు. 2015లో యాకూబ్ మెమన్ ఉరిని ప్రశ్నించారు. మరణశిక్ష రద్దు కావడమే మేలని 1949లో రాజ్యాంగ సభలో అన్నది మన బాబాసాహెబే. మరి ఆయన కూడా దేశద్రోహేనా?

ఆ ఆగస్టులో కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ, ఈ క్యాంపస్ కులతత్వ, తీవ్రవాద, దేశవ్యతిరేక రాజకీయాలకు అడ్డా అయిందని స్మృతి ఇరానీకి ఉత్తరం రాశాడు. ఆమె శాఖ నుంచి యూనివర్సిటీకి ఉత్తరం మీద ఉత్తరం వచ్చింది. ఐదుగురు దళిత పరిశోధకులు హాస్టల్ బయట పడ్డారు. టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ పేరుకు అర్థం మన ఊళ్లలో ఎవరూ చెప్పాల్సిన పన్లేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి ఏడు నెలలుగా ఫెలోషిప్ అందలేదు.

మార్చి 22న వీసీ అప్పారావు తిరిగొచ్చి కుర్చీ ఎక్కాడు. నిరసన తెలిపిన విద్యార్థుల మీద లాఠీలు విరిగాయి. విద్యార్థులతో పాటు ఇద్దరు అధ్యాపకులనూ జైలుకు పంపారు. మెస్సులు మూశారు, నీళ్లు ఆపారు, ఇంటర్నెట్ కోశారు. శత్రుదేశం మీద పెట్టాల్సిన ముట్టడి, మన పిల్లల అన్నం కంచాల మీద!

2024లో పోలీసులు కేసు మూసేస్తూ రోహిత్ ఎస్సీ కాదన్నారు. జనం తిట్టాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. చచ్చినోడి కులం తవ్వేటోళ్లు, ఆగిన ఫెలోషిప్ ఫైలును ఎందుకు తవ్వరు?

మాకు దేశభక్తి పాఠాలు చెప్పొద్దు. 1941లో మహర్ రెజిమెంట్ కోసం పట్టుబట్టింది అంబేద్కర్. కులాలే దేశానికి వ్యతిరేకమని 1949 నవంబర్ 25న చెప్పిందీ ఆయనే. దేశ భద్రత అంటే ఎవరి భద్రత అని అడగడమే యూనివర్సిటీ పని. యుద్ధం వచ్చినప్పుడు ఆ పని ఇంకా ఎక్కువ చేయాలి, ఆపడం కాదు.

"రాజకీయాల జోలికి పోకు బిడ్డా" అని చెప్పి పంపే తల్లుల భయం మాకు తెల్సు, మేమూ అట్లా వచ్చినోళ్లమే. కార్యకర్తలారా, ఆ తల్లుల దగ్గర కూర్చోండి. వాళ్ల పిల్లల మీద ఫిర్యాదు వస్తే నకలు రాతపూర్వకంగా అడగండి. ఫెలోషిప్ ఆగిన మొదటి నెలలోనే, ఏడో నెల దాకా ఆగకుండా, పదిమంది కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకు పోండి.